పని పోయింది, పాట ఏమయింది?

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే మిత్రులు కొందరు, సబ్‌స్టేషన్లలో జీవితం గడిపినవాడికి ఈ ఫిడేలు పిచ్చి ఎలా పట్టిందని అడుగుతూ ఉంటారు. వారికి నేను చెప్పే సమాధానం ఒకటే. మన స్విచ్‌యార్డులో ఐదు నిమిషాలు నిలబడి చెవి ఒగ్గి వినండి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒక తంబురా. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ప్రతి ఆవృత్తిలోను లోపలి ఉక్కు రేకులు అయస్కాంత ప్రభావానికి రెండుసార్లు సాగి ముడుచుకొంటాయి. అందుచేత మనకు వినిపించే నాదంలో ముఖ్యమైనది సెకనుకు 100 కంపనాలది. ఒకటో శ్రుతిలో పాడే మగవారి షడ్జం సుమారు 131 కంపనాలు. దాని కింది పంచమం 98. అంటే ఆ శ్రుతిలో ఫిడేలు బిగించుకొన్నవాడికి ట్రాన్స్‌ఫార్మరు మంద్రపంచమం పలుకుతూ ఉంటుంది, ఒక్క వెంట్రుకవాసి హెచ్చుగా.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన 1990లలో ఆ వెంట్రుకవాసి తేడా కూడా ఒక్కొక్కప్పుడు ఉండేది కాదు. విద్యుత్తు కొరత వలన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49కి, ఇంకా దిగువకు కూడా జారిపోతూ ఉండేది. సరిగా 49 దగ్గర నిలిచినప్పుడు ఆ నాదం 98 కంపనాలకు దిగి నా మంద్రపంచమంతో అచ్చంగా కలిసేది. గ్రిడ్ ఆరోగ్యం చెడినప్పుడే నా శ్రుతి కుదురుతుందని తోటి ఉద్యోగులు పరిహాసమాడేవారు. 2002–03లో కొత్త సుంకం విధానం వచ్చి ఫ్రీక్వెన్సీకి క్రమశిక్షణ ఏర్పడింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగిలిన దేశంతో ఏకమైంది. ఆనాటి నుంచి కాశ్మీరు మొదలు కన్యాకుమారి వరకు ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఒకే శ్రుతిలో పలుకుతున్నవి. ఇంత పెద్ద తంబురా ప్రపంచంలో మరెన్ని ఉంటాయో చెప్పలేను గాని, దానిని బిగించిన చేతులలో మనవి కూడా ఉన్నవని గర్వపడతాను.

అయితే ఈ నెల నేను ముచ్చటించదలచినది ఈ నాదం గురించి కాదు. ఇది పల్లెకు చేరిన తరువాత అక్కడ వినిపించకుండా పోయిన మరొక నాదం గురించి.

మాది విజయనగరం జిల్లాలో చంపావతీనది ఒడ్డున ఒక చిన్న పల్లె. 1970ల చివరి సంవత్సరాలలో నేను బడికి పోయే దారిలో రెండు ఏతాలు ఉండేవి. చూడని యువపాఠకుల కోసం చెబుతాను. నూతి పక్కన పాతిన రెండు గుంజల మీద ఒక పొడుగాటి మాను అడ్డంగా ఆని, త్రాసులాగ పైకీ కిందికీ ఊగుతుంది. దాని ఒక కొసన వెదురుగడ, ఆ గడకు ఇనుపబాన. మాను మీద ఒక మనిషి నిలబడి ముందుకూ వెనుకకూ నడుస్తాడు. నూతి వైపు నడిస్తే బాన నీళ్ళలో మునుగుతుంది. వెనుకకు నడిస్తే నిండి పైకి లేస్తుంది. కింద నిలబడిన రెండవ మనిషి దానిని పట్టి కాలువలోకి వంచుతాడు. మనం పాఠ్యపుస్తకంలో చదువుకొన్న మొదటి తరగతి లీవరే అది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. బాన నిండకముందే పైవాడు వెనుకకు నడిస్తే శ్రమ వృథా. కిందివాడు బానను వదలకముందే ముందుకు నడిస్తే వాడి చేతికి దెబ్బ. ఇద్దరి కళ్ళూ ఎవరి పని మీద వారివి. ఒకరినొకరు చూసుకొనే వ్యవధి లేదు. అందుకే ఇద్దరి నడుమ పాట ఉండేది. పాటలో సాగదీసిన అక్షరం బాన మునగడానికి పట్టే కాలం. విరుపు దానిని వంచే క్షణం. పైగా ఏతం పాటలలో అంకెలు ఉండేవి. ఎన్ని బానలు తోడినదీ పాటే లెక్క చెప్పేది. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనడానికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టే పల్లెలు మనవి. లెక్కను పాటగా, పాటను లెక్కగా మార్చుకోవడం అక్కడివారికి సహజం. మన కంట్రోల్ రూములో గడియారం, కౌంటరు, ఇంటర్‌లాక్ అనే మూడు పరికరాలు వేరువేరుగా చేసే పనిని అక్కడ ఒక్క పాట చేసేది.

ఈ సంగతి మనసుకు పట్టిన తరువాత, ఉద్యోగరీత్యా ఎక్కడికి పోయినా, పాట వెనుక పని ఏమిటని వెతకడం నాకు అలవాటయింది. తెలంగాణలో మోట అన్నా, రాయలసీమలో కపిల అన్నా ఒకటే. ఎడ్లు వాలులో దిగుతూ తాడు లాగుతున్నంతసేపు బొక్కెన నెమ్మదిగా పైకి వస్తుంది. అంతసేపూ మనిషికి తొందర లేదు. రాగం ఎంతయినా సాగవచ్చును. ఎడ్లను మళ్ళీ వెనుకకు నడిపించేటప్పుడు రాగం ఆగి అదిలింపులు మొదలవుతాయి. అందుకే మోటపాటకు సాగుదల ఎక్కువ.

బెంగాలులో గంగ ఒడ్డున పనిచేసిన రోజులలో అక్కడి సహోద్యోగి ఒకరు ఇదే సూత్రాన్ని నీటి మీద చూపించారు. ప్రవాహం వెంట దిగువకు పోయే పడవకు తెడ్డు వేయనక్కర లేదు. చుక్కాని పట్టుకొని కూర్చుంటే చాలు. ఆ పడవవాని పాట భటియాలీ. భాటా అంటే పాటు, దిగువకు జారే నీరు. ఒంటరి గొంతు, తాళపు కట్టుబాటు లేని దీర్ఘమైన స్వరాలు. అదే నదిలో పదిమంది కలిసి తెడ్లు వేసేటప్పుడు పాడేది సారి పాట. దానికి తాళమే ప్రాణం. నది ఒకటే, పడవ ఒకటే. చేతులకు పని ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి సంగీతం రెండు జాతులయింది. అబ్బాసుద్దీన్ అహ్మద్ (1901–1959) గొంతులో భటియాలీలు గ్రామఫోను రికార్డులకెక్కి ఉభయ బెంగాలులలోను ఇంటింటికీ చేరినవి. అవి వింటున్నప్పుడు ఆ స్వరం వెనుక నిశ్చలంగా ఉన్న రెండు చేతులు నాకు కనబడతాయి.

ఇక రోకలి, తిరగలి. ఒకే రోటిలో ఇద్దరు ఎదురెదురుగా దంచుతూ ఉంటే ఒకరి పోటుకు మరొకరి పోటు తగలకుండా నడపవలసినది పాటే. మూడవ రోకలి చేరితే నడక తిస్రంలో పడుతుంది. తాళశాస్త్రంలో గతిభేదమని మనం శ్రమపడి నేర్చుకొనేదానిని వారు వడ్లు దంచుతూ నేర్చుకొన్నారు. తిరగలికి తెల్లవారుజాము పాటలున్నవి. భోజపురీ ప్రాంతంలో వాటిని జంతసార్ అంటారు, మరాఠీలో ఓవీలు. పాడేది స్త్రీ, వినేవారు లేరు, ఉన్నా నిద్రలో ఉన్నారు. అందువలన పగటిపూట ఎవరితోను చెప్పుకోలేని మాటలు తిరగలి పాటలలోకి వచ్చి చేరినవి.

ఇప్పుడు మన సంగతి. గ్రామాలకు విద్యుత్తు అందించడానికి, ముఖ్యంగా వ్యవసాయపు పంపుసెట్లకు, ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ 1969లో ఏర్పడింది. తీగ ఊరికి వచ్చింది. నూతి మీద మోటారు కూర్చున్నది; ఏతపు మాను పొయ్యిలోకి పోయింది. బియ్యపు మిల్లు వచ్చి రోకలిని, పిండిమర వచ్చి తిరగలిని మూలకు చేర్చినవి. 2018 ఏప్రిల్ 28న మణిపూరులోని లీసాంగ్‌కు కరెంటు రావడంతో దేశంలోని గ్రామాలన్నిటికీ విద్యుత్తు చేరినట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రయాణంలో మన వృత్తివారి చెమట ఉన్నది. ఆ ప్రయాణం పొడుగునా ఒక్కొక్క పాట ఆగిపోతూ వచ్చింది కూడా.

ఆగిపోయినందుకు కన్నీరు కార్చడం నా ఉద్దేశం కాదు. పల్లెసంగీతం గురించి పట్నాలలో జరిగే ప్రసంగాలలో వెనుకటి రోజుల మీద మమకారం కొంత శ్రుతి మించుతుంది. ఏతం తొక్కినవాడి మోకాళ్ళు, వడ్లు దంచినామె భుజాలు ఎలా ఉండేవో చూసినవారెవరూ ఆ పని తిరిగి రావాలని కోరుకోరు. గట్టు మీద నిలబడినవాడికి అది పాట. బురదలో నిలబడినవారికి అది పొద్దు గడిచే ఉపాయం. పైగా కూలి పనికే గాని పాటకు కాదు. మోటారు బిగించడానికి వచ్చిన లైన్‌మన్‌కు ఆ ఇంటి ఇల్లాలు మజ్జిగ ఇచ్చి దండం పెట్టిన ఊళ్ళు మన సీనియర్లకు తెలుసు. ఆ దండం అబద్ధం కాదు.

అయినా యంత్రం వచ్చింది గనుక పాట పోయిందన్న మాట పూర్తిగా నిజమా అన్న సందేహం నన్ను చాలాకాలం వెంటాడింది. దానిని తీర్చినది మా ఊరి వృద్ధురాలు ఒకామె. ఊరి వరసకు నాకు అత్త అవుతుంది. వయసులో ఉన్నప్పుడు నాట్లలో పాట ఎత్తుకొనేది ఆమే. ఆమె ఒక పాదం పాడితే తక్కిన పదిహేనుమంది అందుకొనేవారు. కొన్నేళ్ళ కిందట సెలవులో పోయినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి, ఫోను ముందు పెట్టి, ఆ పాటలు పాడమని అడిగాను. రెండు పాదాలు పాడి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగిపోయింది.

“కూకుని పాడమంటే పాటెలా వత్తాది బాబూ? నడుం వొంగితే గదా నోరు లేస్తాది,” అన్నది.

తరువాత లేచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, వంగి, ఎడమచేతిలో లేని నారుకట్ట పట్టుకొని, కుడిచేత్తో మట్టినేల మీద నాటడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వెనుకకు వేసేసరికి పాట దానంతట అదే వచ్చింది. పన్నెండు చరణాలు ఎక్కడా తడబడలేదు. పాట ఆమె జ్ఞాపకంలో లేదు; నడుములో, మోచేతిలో ఉన్నది.

నడుము పట్టుకొని లేస్తూ ఆమె అన్న మాట ఇంకా ముఖ్యమైనది. “పాట పోయిందని నువ్వు బాధ పడతన్నావు గాని, నడుం నొప్పి మాత్రం పోనేదు.”

నిజమే. ఏతం పోయింది, రోకలి పోయింది. కాని నాట్లు మా వైపు ఇప్పటికీ చాలావరకు వంగిన నడుములతోనే పడుతున్నవి. పని ఉన్నది, పాట లేదు. అంటే పాటను ఆపినది మోటారు ఒక్కటే కాదు. ఆమెనే అడిగాను, ఎందుకని. పూర్వం ఊరివారే ఒక జట్టుగా దిగేవారు, రోజుకూలికి. ఇప్పుడు ఎకరాకు ఇంత అని గుత్త. ఎంత త్వరగా ముగిస్తే అంత త్వరగా మరొక చేనికి పోవచ్చును. నడకను నిర్ణయించేది పాట కాదు, గుత్త. జట్టులో నాలుగూళ్ళ వారుంటారు; ఒకరికి వచ్చిన పాట మరొకరికి రాదు. గట్టు మీద ఎవరిదో ఫోను సినిమాపాట పాడుతూ ఉంటుంది. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాలలో నాట్లకు బీహారు, బెంగాలు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కూలీలు వస్తున్నారు. వారి ఊళ్ళలోనూ నాట్ల పాటలున్నవి. పరాయి నేల మీద, పరాయి భాష నడుమ అవి ఎంతవరకు నోటికి వస్తాయో ఆలోచించండి.

ఆ సాయంకాలం ఆమె పాటను ఫిడేలు మీద వేసి చూశాను. మొత్తం ఆరు స్వరాలు దాటలేదు. పైషడ్జాన్ని ఒక్కసారి కూడా తాకలేదు. వంగి పనిచేసేవారి ఊపిరికి అంతకు మించిన చోటు ఉండదని నాకు తోచింది. ఆమె గాంధారం నా దగ్గరున్న హార్మోనియం మీద ఏ మెట్టుకూ సరిగా ఒదగలేదు. రెండు మెట్ల నడుమ ఎక్కడో నిలిచింది. మన శాస్త్రీయసంగీతంలో నాదనామక్రియ, పున్నాగవరాళి, కురంజి, నవరోజు వంటి రాగాలు తారస్థాయికి ఎక్కకుండా కింది స్వరాలలోనే తిరుగుతాయి. వీటికి మూలం జానపదుల పాటలని విద్వాంసులు చెబుతారు. 1904లో ఎట్టయాపురంలో తెలుగులిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఎరుకలకాంభోజి అనే రాగం ఉన్నది. పేరే చెబుతున్నది అది ఎవరి నోట పుట్టిందో. కచేరీలో మనం తల ఊపే గమకాల వెనుక ఎందరు పేరులేని మనుషులున్నారో లెక్కకట్టడం అసాధ్యం.

పేరు లేకపోవడం ఇక్కడ పెద్ద సంగతి. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ ప్రకటించారు. చాలా సంతోషం. కాని పనిపాటకు పురస్కారం ఇవ్వాలంటే ఎవరికి ఇస్తారు? అది పదిహేను నోళ్ళ పాట. ఒకరిని వేదిక ఎక్కించి మైకు ఇచ్చిన క్షణాన అది మరొక వస్తువు అయిపోతుంది.

మరి ఏమి చేయాలి? ఒక మార్గం మహారాష్ట్ర చూపించింది. హేమా రాయీర్కర్, గీ పాయిట్వాఁ అనే ఇద్దరు పరిశోధకులు 1980లలో మొదలుపెట్టి గ్రామ గ్రామాన స్త్రీలను కలిసి, తిరగలి ఓవీలను లక్షకు పైగా సేకరించారు. ఎవరు పాడారు, ఏ ఊరు అన్న వివరం కూడా రాసిపెట్టారు. వారిద్దరూ గతించిన తరువాత ఆ భాండారాన్ని ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’ వారు స్వీకరించి ప్రజలకు అందుబాటులో ఉంచుతున్నారు. పేరులేని పాటకు పాడినామె పేరు చేర్చడమే వారు చేసిన గొప్ప పని.

రెండవ మార్గం మన చేతిలో ఉన్నది. మా ఊరిలో నాట్లపాట ఆగిపోయినా, గత కొన్నేళ్ళుగా స్త్రీల కోలాటం జట్లు పుట్టుకొచ్చినవి. పగలంతా పని చేసినవారే రాత్రి రామాలయం ముందు కర్రలు పట్టుకొంటారు. పాట స్పీకరులోనుంచి వస్తున్నదని పెద్దలు కొందరు పెదవి విరుస్తారు. నేను విరవను. పాట ఎక్కడనుంచి వచ్చినా కర్ర కర్రకు తగిలే క్షణం వారిదే. ఎదుటి మనిషి లయను గమనించి మన లయను సరిచేసుకోవడం, అదే ఏతం మీద ఇద్దరు చేసిన పని, అదే రోటి చుట్టూ ముగ్గురు చేసిన పని. శ్రమ పోయి అది మాత్రం మిగలడం నష్టం కాదు. ఇంతకాలం కూలితో ముడిపడి ఉన్న పాటకు అది విడుదల.

విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆచార్యులుగా ఉన్న చోటు అది. ఆ కళాశాలలో చదివిన గురువు గారి దగ్గర నేను ఫిడేలు పట్టాను. విద్వాంసుడిని కాలేదు, కాబోను. నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెతో ఒంటరిగా సాధన చేస్తున్నాను. శ్రుతిపెట్టె ఎన్నడూ తప్పదు, అలసిపోదు, నా కోసం ఆగదు. ఏతం మీది మనిషి కిందివాని కోసం ఆగేవాడు. ఆ ఆగడమే సంగీతమని అరుగు ముందు వంగిన ఆ అత్త వలన తెలిసింది. జీవనోపాధి కోసం కాక ఇష్టం కోసం పాడే మనవంటి ఔత్సాహికులకు ఈ పని ప్రత్యేకంగా తగినది. విద్వాంసునికి సభ కావాలి. మనకు మరొక మనిషి చాలు.

మన టౌన్‌షిప్పులను ఒక్కసారి తలచుకోండి. ఒకే వరుస క్వార్టర్లలో బలియా వారు, ముర్షిదాబాదు వారు, బిలాస్‌పూరు వారు, మన శ్రీకాకుళం, కరీంనగరం వారు ఉన్నారు. చాలా ఇళ్ళలో పల్లె నుంచి వచ్చిన తల్లి గాని, అత్తగారు గాని బాల్కనీలో కూర్చొని పొద్దు పుచ్చుతూ ఉన్నారు. ఆ తరం ఇప్పుడు డెబ్బై దాటింది. వారి నడుములలో, మోచేతులలో ఏ పాటలున్నవో మనం అడగలేదు. అడగండి. కుర్చీలో కూర్చోబెట్టి పాడమనకండి. పిండి కలిపేటప్పుడు, చేట చెరిగేటప్పుడు, మనవడిని ఊపేటప్పుడు అడగండి. ఏ ఊరి పాట, ఏ పనికి పాడేవారు, ఎవరి దగ్గర నేర్చుకొన్నారు అనే మూడు సంగతులు రాసిపెట్టండి. ఫోనులో పట్టుకొనేటప్పుడు గొంతుతోపాటు చేతులు కూడా కనబడేటట్లు పట్టుకోండి. వెనుక వాద్యాలు చేర్చవద్దు. అన్నిటికన్న ముఖ్యంగా, వినడంతో సరిపెట్టక ఒక్క పాటయినా వారితో కలిసి పాడి నేర్చుకోండి.

అలా నేర్చుకొన్న పాటలను గూర్చి పాఠకమిత్రులు ఏ భాషలోనైనా ఈ శీర్షికకు రాసి పంపవలసినదిగా ప్రార్థన. పాడినవారి పేరు, వారు ఒప్పుకొంటేనే, తప్పక రాయండి. రాబోయే సంచికలలో ఒక్కొక్క పనిని తీసుకొని, దానికి మన దేశంలో ఎన్ని పాటలు పుట్టినవో కలిసి చూద్దాము. ముందుగా తిరగలితో మొదలుపెడదాము.